ఎండ దెబ్బేనా... థిన్నర్ ఆవిరా?

రెంటచింతల: రాష్ట్రంలో వేసవి ఉష్ణోగ్రతల ప్రస్తావన వచ్చినప్పుడల్లా ముందుగా వినిపించే పేరు రెంటచింతల. ఇక్కడ మే నెలలో పనివాడికి తల తిరిగితే ఎండ దెబ్బ అనుకోవడం సహజం. ట్రాక్టర్ ట్రక్కులు, ఇనుప తలుపులు, బీరువాలకు స్ప్రే రంగులు వేసేవారి విషయంలో మాత్రం రెండో కారణాన్నీ అనుమానించాలి. అది రంగులో కలిపే థిన్నర్.

థిన్నర్‌లో సాధారణంగా టోలుయీన్, జైలీన్ వంటి ద్రావకాలు ఉంటాయి. రంగును పలుచన చేసి, ఆపై గాలిలో కలిసిపోవడమే వాటి పని. ఆ ఆవిరి ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి, అక్కడి నుంచి మెదడుకు చేరుతుంది. 25 డిగ్రీల వద్ద కంటే 45 డిగ్రీల వద్ద టోలుయీన్ ఆవిరి పీడనం రెండున్నర రెట్లకు పైగా ఉంటుంది. చలికాలంలో అంతగా ఇబ్బంది పెట్టని డబ్బాయే వేసవిలో ప్రమాదకరం కావచ్చు. వడగాలికి జడిసి షెడ్డు తలుపులు మూస్తే ముప్పు మరీ ఎక్కువ.

మద్యం మత్తును పోలి...

తలనొప్పి, మైకం, వికారం, మాట తడబడటం తొలి లక్షణాలు. అచ్చం తాగినట్లే కనిపించడంతో ఇంట్లోవారు, మేస్త్రీలు పొరబడుతుంటారు. తాగుబోతన్న నింద మోసే పెయింటర్లలో కొందరి అసలు జబ్బు ఇదే కావచ్చు. సెలవు రోజున తగ్గి, పనిలోకి దిగగానే తిరిగి వస్తుంటే ద్రావకాన్నే అనుమానించాలి. ఏళ్ల తరబడి పీలిస్తే మతిమరుపు, చిరాకు స్థిరపడతాయి. డెన్మార్క్, స్వీడన్ దేశాల్లో 1970వ దశకంలోనే పెయింటర్లలో దీనిని గుర్తించారు.

పెట్రోలులో ఉండే బెంజీన్ రక్త క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నిర్ధారించింది. అయినా మెకానిక్ షెడ్లలో పెట్రోలుతో చేతులు కడుక్కోవడం, పైపుతో నోటిలోకి పీల్చి తీయడం మామూలే. ఈసీ రకం పురుగుమందులు కొన్నింటిలోనూ జైలీన్ ఉంటుంది. మిరప, పత్తి రైతులకూ ఈ జాగ్రత్త వర్తిస్తుంది.

తువ్వాలు ఆపలేదు

ముఖానికి చుట్టుకున్న తువ్వాలు, దుమ్ము మాస్కు తుంపరలను కొంత అడ్డుకుంటాయే గానీ ఆవిరిని ఆపలేవు. యాక్టివేటెడ్ కార్బన్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కే కావాలి, ఆ కార్ట్రిడ్జ్‌నూ ఎప్పటికప్పుడు మార్చాలి. బెల్లం ముక్క తింటే విరుగుతుందన్నది ఒట్టి నమ్మకమే. ఈ ఆవిరి గాలికంటే బరువైనది కనుక తొట్లు, గుంతల అడుగున నిలుస్తుంది. అక్కడ ఒంటరిగా దిగి రంగు వేయరాదు. నిప్పురవ్వ తగిలితే ఆవిరి అంటుకుంటుంది. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలోని ఎసెన్షియా ఫార్మాలో లీకైన ద్రావకం ఆవిరి అంటుకుని 17 మంది మరణించారు.

అది పెద్ద పరిశ్రమ. విద్యుత్తుతో నడిచేచోట 1948 ఫ్యాక్టరీల చట్టం 10 మంది కార్మికులు ఉంటే వర్తించేది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కొత్త కోడ్ ఫ్యాక్టరీ నిర్వచనంలో ఆ సంఖ్యను 20కి పెంచింది. ఇద్దరు ముగ్గురితో నడిచే షెడ్లు సాధారణంగా నాడూ నేడూ తనిఖీలకు దూరమే.

ఎవరైనా మైకంతో పడిపోతే వెంటనే ఆరుబయటికి చేర్చి, ద్రావకం పడిన బట్టలు తీసి, ఒంటిని సబ్బునీటితో కడగాలి. పొరపాటున మింగితే వాంతి చేయించరాదు. ద్రావకం ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆస్పత్రికి వెళ్లేటప్పుడు థిన్నర్ డబ్బా లేబుల్‌ను వెంట తీసుకెళ్లి వైద్యుడికి చూపాలి.