బోనస్ అడిగి తీసుకోవలసిన డబ్బే

పండగ ముందు యజమాని ఇచ్చే కవరును చాలామంది చేతులు జోడించి అందుకుంటారు. అందులోది చట్టం ప్రకారం తమకు రావలసిన డబ్బేనని ఎందరికో తెలియదు.

ఒకప్పుడు అది నిజంగా యజమాని దయే. మొదటి ప్రపంచ యుద్ధంలో లాభాలు గడించిన బొంబాయి బట్టల మిల్లులు 1917 నుంచి కార్మికులకు ‘యుద్ధ బోనస్’ ఇచ్చాయి. యుద్ధం ముగిశాక, లాభాలు తగ్గగానే ఆపేశాయి. 1924 ఆరంభంలో కార్మికులు పెద్ద సమ్మె చేశారు. బోనస్ అడిగే చట్టబద్ధమైన హక్కు వారికి లేదని అప్పటి విచారణ కమిటీ తేల్చింది. ఆ మాట మారి బోనస్ చెల్లింపు చట్టం రావడానికి 1965 దాకా ఆగాల్సి వచ్చింది. 2025 నవంబర్ 21 నుంచి దాని స్థానంలో వేతనాల కోడ్ అమలవుతున్నా మూలసూత్రం మారలేదు.

ఇరవై మంది, అంతకు మించి పనిచేసే సంస్థలో ఏడాదికి కనీసం 30 రోజులు పనిచేసినవారికి, జీతం నిర్ణీత పరిమితి దాటకపోతే, 8.33 శాతం బోనస్ ఇచ్చి తీరాలి. మిగులు బాగుంటే ఇది 20 శాతం వరకూ పెరుగుతుంది. 2015 సవరణ ఆ జీతం పరిమితిని నెలకు 21,000 రూపాయలు చేసింది. ఇక్కడ జీతమంటే బేసిక్, డీఏ. ఇంటి అద్దె అలవెన్సు, ఓవర్‌టైమ్ సాధారణంగా కలపరు. అదే సవరణ ప్రకారం బోనస్ లెక్కను 7,000 రూపాయల మీద గానీ, ఆ పనికి ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనం మీద గానీ, ఏది ఎక్కువైతే దాని మీద కడతారు. కనీస వేతనం 12,000 అనుకుంటే, 18,000 జీతం ఉన్న మనిషికి ఏడాదికి దాదాపు 12,000 రావాలి. అంటే ఒక నెల కనీస వేతనమంత.

“ఈ ఏడు నష్టం వచ్చింది” అన్న జవాబు దగ్గరే ఎక్కువమంది ఆగిపోతారు. అది చెల్లదు. కనీస బోనస్‌కు లాభనష్టాలతో పనిలేదు. కొత్తగా పెట్టిన సంస్థకు మాత్రం మొదటి ఐదేళ్లు లాభం వచ్చిన ఏడాదికే ఆ బాధ్యత ఉంటుంది. దొంగతనం, మోసం, పనిచోట దౌర్జన్యం వంటి కారణాలతో ఉద్యోగం పోయినవారికి బోనస్ రాదు. తాముగా మానేసినవారికి, పనిచేసిన కాలానికి తప్పక వస్తుంది.

జీతం పరిమితి దాటిన ఉద్యోగుల సంగతి వేరు. సాఫ్ట్‌వేర్ కంపెనీల ‘వేరియబుల్ పే’ వంటివి నియామక పత్రంలోని షరతులను బట్టి నడుస్తాయి. సంతకం చేసే ముందే ఆ షరతులు చదువుకోవాలి.

లెక్కల సంవత్సరం ముగిశాక ఎనిమిది నెలల్లో బోనస్ చేతికి రావాలి. రాకపోతే జీతం చీటీలు తీసుకుని కార్మిక శాఖ కార్యాలయానికి వెళ్లండి. కొత్త కోడ్ ప్రకారం మూడేళ్లలోపు క్లెయిమ్ వేయవచ్చు.