తూర్పారబట్టే పాత ఫ్యానుకి బోలు రివిట్లు ఎక్కడ దొరుకుతాయి, ఎలా కొట్టాలి?

వీడియోలో తిరుగుతున్న ఫ్యాను మా తాతగారి కాలంది. ఇందుకూరుపేట దగ్గర మా కొట్టంలో ఏళ్ల తరబడి మూలపడి ఉంది. దీన్ని బాగుచేసింది మొలగొలుకుల విత్తనం కోసం. అరెకరంలో పండిన విత్తనపు వడ్లు అద్దె మిషన్లో పోస్తే, అంతకుముందు పోసిన రైతు వడ్లు అందులో ఎక్కడో మిగిలే ఉంటాయి. ఒక్కసారి కలిసిందంటే పైయేడు చేలో కేళీలు ఏరలేక మన నడుం విరుగుతుంది.

ఫ్యానులో చెడింది తోలు బెల్టు అతుకు ఒక్కటే. మొదట బోల్టులు వేశాను. వాటి తలలు పుల్లీకి తగిలి టకటకా కొట్టుకుని, రెండోరోజుకి బెజ్జాలు చిరిగాయి. తర్వాత హార్డ్‌వేర్ షాపులో అడిగితే పాప్ రివిట్లు చేతిలో పెట్టారు. అవి రేకుకి రేకు అతకడానికి మంచివే, మెత్తటి తోల్లోంచి మాత్రం ఊడొచ్చాయి.

కావాల్సింది బోలు రివిట్టు. ఒకపక్క చదునైన తల, రెండోపక్క సన్నటి గొట్టం. పంచ్ పెట్టి కొడితే గొట్టం అంచు బయటికి చుట్టుకుని తోలుని కరిచిపట్టుకుంటుంది. హార్డ్‌వేర్ షాపుల చుట్టూ తిరక్కండి. లారీలకి బ్రేక్ లైనర్లు కొట్టే షాపుకి వెళ్లండి, ఆ పనంతా ఈ రివిట్లతోనే. అక్కడా సైజు కుదరకపోతే పాత బండ్ల సామాన్లకి మద్రాసు పుదుపేట ఉండనే ఉంది. పాత రివిట్టు ఒకటి జేబులో వేసుకెళ్లండి, నోటితో చెబితే ఎవరికీ అర్థం కాదు. మనలాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లకి ఇత్తడివే తీసుకోండి. ఇనుపవి ఉప్పుగాలికి తుప్పుపట్టి తోలుని కూడా తినేస్తాయి.

పొడవు దగ్గరే అందరం తప్పు చేస్తాం. బెల్టు రెండు పొరలూ గట్టిగా నొక్కిపట్టాక, రివిట్టు లావులో సగానికి కాస్త ఎక్కువ బయటికి రావాలి. 4 మి.మీ. రివిట్టయితే రెండున్నర మి.మీ. చాలు. ఎక్కువైతే గొట్టం పక్కకి మడతపడుతుంది, తక్కువైతే పట్టు ఉండదు. బెజ్జం డ్రిల్లుతో వేయొద్దు, తోలు పీచు లేస్తుంది. చెప్పులు కుట్టేవాళ్ల గుండ్రటి పంచ్‌తో వేయండి.

కొట్టే పంచ్ నాకు బజార్లో దొరకలేదు. పాత ఇంజిన్ వాల్వు కాడ పట్టుకెళ్తే లేతు మేస్త్రి చేసిచ్చాడు. కొసన గొట్టంలో దిగే చిన్న మొన, దాని చుట్టూ గుండ్రటి గాడి. ఆ గాడి నున్నగా ఉండాలి, లేకపోతే అంచు చుట్టుకోదు, చీలుతుంది. రివిట్టు తల పుల్లీ తగిలే వైపు ఉంచి, కింద దాకలి పెట్టి, చిన్న సుత్తితో నాలుగైదు దెబ్బలు నిదానంగా వేయండి. ఒక్క దెబ్బకి అయిపోవాలని చూడొద్దు. ముందు తోలు ముక్క మీద కొట్టి చూడండి. అయినా అంచులు చీలుతుంటే ఇత్తడి బిరుసుగా ఉన్నట్టు. ఎర్రగా కాల్చి చల్లార్చితే మెత్తబడుతుంది.

మా బెల్టుకి ఏడు పట్టాయి. ఐదోది వంకర పోయింది, తీసి మళ్లీ కొట్టాను. అది కూడా వీడియోలో తీసేయకుండా ఉంచాను, చూడండి.