వంటయింటిని మార్చి కట్టుకొనుట

వంటయిల్లు బాగుచేయింపవలెనని తలంచువారు సాధారణముగా మొదట గోడపలకల రంగును గూర్చి మాటలాడుదురు. మాయింటను అట్లే జరిగెను. దాని ఫలమును మా అత్తగారు అనుభవించిరి. కావున ఈ పనిని ఎట్లు ఆలోచించి మొదలుపెట్టవలెనో విద్యార్థులకును వారి తలిదండ్రులకును ఇచ్చట కొంత వివరించుచున్నాను.

సైనిక్‌పురి సైనికోద్యోగులకొరకు ఏర్పడిన కాలనీ. చెట్లును విశాలమైన ఆవరణములును గల పాతయిండ్లు ఇచ్చట ఇంకను కొన్ని నిలిచియున్నవి. అట్టి యొక యింట మేము కాపురముందుము. వంటయిల్లు వెనుకమూలను ఇరుకుగా నుండెను. కొన్నియేండ్ల క్రిందట దానిని మార్పించితిమి. మేస్త్రీ వంటగట్టును 36 అంగుళముల యెత్తున కట్టెను. “అందరికి నింతేనమ్మా” యనెను. నేను పొడవరిని గనుక నాకది సరిపోయెను. మా అత్తగారి యెత్తు 4 అడుగుల 10 అంగుళములు మాత్రమే. పొయ్యిమీది గిన్నెలోనికి చూడవలెనన్న ఆమె మునివేళ్లపై నిలువవలసివచ్చెడిది. ఒకనాటి యుదయమున అన్నము వార్చబోగా గిన్నె జారి, వేడిగంజి మోచేతినుండి మణికట్టువరకు పడి కాలినది. మూడు వారములు కట్టు కట్టవలసివచ్చెను. ఆమె నన్నొక్క మాటయు ననలేదు; నాకది మరింత కష్టమాయెను.

కాబట్టి రంగుకంటె ముందు కొలత చూడవలెను. వంటచేయువారిని గోడప్రక్క నిలిపి, చేయి మడిపించి, నేలనుండి మోచేయి యెంత యెత్తున నున్నదో కొలువుడు. గట్టు దానికంటె 4 మొదలు 6 అంగుళములు తక్కువగా నుండవలెను. పొయ్యిమీద గిన్నె యెక్కినప్పుడు ఎత్తు పెరుగును గనుక పొయ్యియున్నచోట ఇంకను తగ్గింపవచ్చును. సింకు లోతుగా నుండును గనుక అచ్చట కొంత పెంచవచ్చును. ఒకే యెత్తున కట్టుట మేస్త్రీకి సులభము; అంతకుమించి దానికి కారణము లేదు. ఈ రెండవమారు మేము పొయ్యివైపు 30, సింకువైపు 34 అంగుళములుగా కట్టించితిమి.

పిమ్మట నడకను లెక్కింపవలెను. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టు నగరమున మార్గరెట్ షూట్టె-లిహొట్స్కీ యను వాస్తుశిల్పిని 1926వ సంవత్సరమున, రైలుబండిలోని వంటగదిని దృష్టియందుంచుకొని, అడుగులు వృథాకాని చిన్న వంటయింటిని రచించెను. 1940 ప్రాంతముల అమెరికాలో ఇల్లినాయి విశ్వవిద్యాలయమువారు పొయ్యి, సింకు, ఫ్రిజ్ అను మూటిని కలుపు త్రికోణమును ఏర్పరచిరి. దాని యొక్కొక్క భుజము 4 అడుగులకు తగ్గక 9 అడుగులకు మించకయు, మూడును కలిసి 26 అడుగులకు మించకయు నుండవలెను. మేము వరండానేలపై సుద్దతో గదిని నిజమైన కొలతలతో గీసి, పొయ్యికి బదులు పీటయు, ఫ్రిజ్‌కు బదులు అట్టపెట్టెయు ఉంచి, అత్తగారిని నడిచి చూడుమంటిమి. ఫ్రిజ్ తలుపు త్రోవకడ్డమగునని ఆమెయే కనుగొనెను. కాగితముమీద మాకది తెలియలేదు! రేఖాగణితము చదువు బాలబాలికలు ఈ పనిని తమ యింట చేసిచూడవచ్చును.

గాలి సంగతి మన యూరివారికి క్రొత్తది కాదు. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమునకు చెందిన ఎస్. పి. రాజుగారు కట్టెలపొయ్యికి పొగగొట్టమును చేర్చి, ఒకే మంటపై పలు పాత్రలు ఉడుకునట్లు మట్టితో ఒక పొయ్యిని రూపొందించిరి. పరిశోధనాలయము పేరిట అది ‘హెర్ల్ చుల్హా’ యని ప్రసిద్ధికెక్కినది. పొగలేని వంటయిండ్లను గూర్చి ఆయన వ్రాసిన ఆంగ్లపుస్తకమును 1953లో చెన్నపట్టణపు క్రైస్తవ సాహిత్య సంఘమువారు ప్రకటించిరి. వంటచేయు స్త్రీ కన్నులను, ఊపిరితిత్తులను ఒక ఇంజనీరు తన పనిగా నెంచుట నాకు గొప్పగా తోచును. నేడు కట్టెలకు బదులు గ్యాసు వచ్చినను గాలి యవసరము తీరలేదు. ఈ గ్యాసు గాలికంటె బరువైనది. కారినచో క్రిందనే నిలుచును. కావున పైకిటికీయే గాక నేలయొద్దను గాలి పోవుటకు కంతలుండవలెను. సిలిండరును నిలువుగా నుంచవలెను. పొయ్యి దానికంటె ఎత్తున నుండవలెను. రబ్బరు ట్యూబును 5 ఏండ్లకొకసారి మార్చవలెను. పొయ్యిని కిటికీకి ఎదురుగా పెట్టినచో మంట ఆరిపోవును.

పాతయిండ్లలో పెక్కింట గోడలే కప్పును మోయును. ఇంజనీరు చూడనిదే ఏ గోడనైనను పడగొట్టింపరాదు. గొట్టములును తీగెలును గోడలో పెట్టించిన పిమ్మటనే పలకలు అంటింపవలెను. మిక్సీకి, ఓవెనుకు వేరు ప్లగ్గులు, అవియు సింకునకు దూరముగా నుండవలెను. నేలకు వాటము సరిగా నున్నదో లేదో రసమట్టముతోను, చెంబెడు నీళ్లు పోసియు చూడుడు. మొదటిమారు మా నీళ్లన్నియు గుమ్మమువైపే పారెను. చెదలభయమున్నచోట చెక్కకంటె కడపబండల అరలు మేలు. చూపునకు అంత సొగసు కాకున్నను చిరకాలముండును.

సొమ్ములో అయిదవవంతు ముందే వేరుగా దాచుడు, గోడ త్రవ్విన పిమ్మటగాని తుప్పుపట్టిన గొట్టము కనబడదు. పని జరుగుదినములలో వంట ఎక్కడ చేయుదురో కూడ నిర్ణయించుకొనుడు. మేము వరండాలో ఒంటిపొయ్యి పెట్టుకొంటిమి. మేస్త్రీ పది దినములనెను, ఇరువదిరెండు పట్టెను. అన్నిదినములును మా అత్తగారు పీటపై కూర్చుండి వండుచు, గట్టు యెత్తును దినమునకు రెండుమార్లు తానే టేపుతో కొలిచి చూచుకొనుచుండిరి.