కమాన్ కట్టలో ఇరుసు మెలి: స్వరూపం, నివారణ

ఉదయగిరి, ఆత్మకూరు వంటి ఊళ్ల మెకానిక్ షెడ్లలో మోటారు బండి బరువును మోసే ఉక్కు పట్టీల దొంతరను ‘కమాన్ కట్ట’ అంటారు. పారశీకంలో ‘కమాన్’ అంటే విల్లు. బరువు పడితే వంగి, తీస్తే లేచే గుణాన్ని ఈ పేరు చక్కగా పట్టి ఇస్తుంది. అయితే అదే కట్టలో కలిగే మరో వంపును ఇది చెప్పదు.

ఎద్దుల బండిలో చక్రం ఇరుసు మీద స్వేచ్ఛగా తిరుగుతుంది. లాగే బలం కాడి నుంచి వస్తుంది. కనుక చక్రం తిరగడం వల్ల ఇరుసు మెలిపడదు. అంబాసిడర్ కారులో, పాత మహీంద్రా జీపులో స్థితి వేరు. ఇంజను బలం వెనక ఇరుసు ద్వారా చక్రాన్ని ముందుకు తిప్పుతుంటే, ఇరుసు తొడుగు ప్రతిచర్యగా వెనక్కి తిరగజూస్తుంది. దాన్ని ఆపవలసింది కమాన్ కట్టే. కట్ట ముందు సగం ఇరుసు దగ్గర పైకి, వెనక సగం కిందికి వంగి పాము మెలికలా మారుతుంది. బ్రేకు వేస్తే ఈ వంపు తారుమారవుతుంది. దీనిని ‘ఇరుసు మెలి’ అనడం సముచితం; ఇరుసు అనే పాత మాట ఇక్కడ కొత్త బరువును మోయగలదు.

వెలిగొండల అంచున కంకర ఎక్కుడులో జనంతో నిండిన జీపును ఊహిస్తే అసలు చిక్కు బోధపడుతుంది. టైరు పట్టు జారగానే మెలిపడిన కట్ట విదిలించుకుంటుంది. టైరు మళ్లీ నేలను పట్టుకోగానే మళ్లీ మెలిపడుతుంది. ఇది వెంటవెంటనే సాగితే చక్రం ఎగరడం మొదలవుతుంది. ఎగిరే చక్రానికి లాగే శక్తీ ఉండదు, నిలిపే శక్తీ ఉండదు. ప్రొపెల్లర్ షాఫ్టు కీళ్లు కూడా దెబ్బతింటాయి.

పట్టీలు పెంచడం తేలికగా తోచే మందు. కానీ కట్ట మొత్తం బిరుసెక్కి, ఖాళీ బండి గతుకుల్లో ఎగిరిపడుతుంది. మెలిని ప్రధానంగా అడ్డేది ముందు సగం కనుక దాన్ని మాత్రమే క్లాంపులతో గట్టిపరచి, వెనక సగాన్ని వదులుగా ఉంచడం మేలైన పద్ధతి. ఇరుసు పీఠం నుంచి ముందుకు సాగే కడ్డీని అమర్చి, దాని కొసన రబ్బరు దిమ్మె పెట్టడం మరో ఉపాయం. ఇరుసు తిరగబోతే ఆ దిమ్మె కట్ట ముందు కంటి కింద తగిలి అడ్డుకుంటుంది.

అమెరికాలో షెవ్రొలే కమారో 1967 నమూనాకు వెనక ఒక్కోవైపు ఒంటి పట్టీయే ఉండేది. చక్రం ఎగరడాన్ని అదుపు చేయడానికి 1968 నమూనాలో షాక్ అబ్జార్బర్లలో ఒకదాన్ని ఇరుసుకు ముందు, రెండోదాన్ని వెనక బిగించారు. ఇరుసు ఎటు తిరగబోయినా వాటికి పని పడుతుంది.

వీటన్నిటికీ ముందు చూడవలసినవి యు-బోల్టుల బిగువు, అరిగిన బుష్‌లు, చమురు కారే షాక్ అబ్జార్బర్లు. యు-బోల్టు వదులైన బండికి ఏ కడ్డీ బిగించినా ఇరుసు పీఠం మీదే కదులుతుంది.