మల్కిభరాముని సమాధిపై మిగిలిన మెరుపు

మా జన్వాడ నుండి గోలకొండకు పోవడం ఈనాడు పెద్ద ప్రయాణమేమీ కాదు. అయినా కోటను చూచి వచ్చినవారిలో, బంజారా దర్వాజాకు ఆవలనున్న కుతుబ్‌షాహీ సుల్తానుల సమాధుల వద్ద ఒక పూట నిలిచినవారు తక్కువ. ఈమధ్య కొందరు విద్యార్థులను వెంటబెట్టుకొని అక్కడికి వెళ్లినాను. వారు పెద్ద గుమ్మటాలను చూచి అబ్బురపడినారు. నేను మాత్రం వారిని 1580లో మరణించిన ఇబ్రహీం కుతుబ్‌షా సమాధి వద్దకు తీసుకొనిపోయి, దక్షిణపు గోడ ముందు నిలబెట్టినాను. అక్కడ చూడవలసినవి గాజుపూత పలకల శకలాలు. ఒకప్పటి అలంకారంలో మిగిలినవి అవి కొన్నే.

ఈ సమాధుల కట్టడపు తీరు చాలవరకు ఒక్కటే. ఎత్తయిన అరుగు, దానిపై చతురస్రమైన మందిరం, గోడలలో కమానులు, పైన పిట్టగోడ, మూలలలో చిన్న మీనారులు, అన్నిటికి మీద ఉబ్బెత్తు గుమ్మటం. గుమ్మటం మొదట తామరరేకుల వరుస ఉంటుంది. పారశీకపు గుమ్మటం దక్కనుకు వచ్చి పద్మపీఠంపై కూర్చున్నదన్నమాట. 1543లో మరణించిన తొలి సుల్తాను కులీ సమాధి చిన్నది, నిరాడంబరమైనది. 1612లో మరణించిన మహమ్మద్ కులీ సమాధి నలభై మీటర్లకు మించిన ఎత్తు. ఈ పెరుగుదలకు నడుమ నిలిచినది ఇబ్రహీం సమాధి.

నేడు మనకు కనబడే బూడిదరంగు గచ్చే ఈ కట్టడాలన్నిటి పూర్వరూపమని తలచరాదు. కొన్నిటి ముఖభాగాలు రంగుల పలకలతో మెరిసేవి. కాల్చిన పలకపై గాజుపొడి పూత పూసి మరల కాలుస్తారు. పూతలో కోబాల్టు ముదురు నీలాన్ని, రాగి ఆకుపచ్చను, మాంగనీసు ఊదారంగును, తగరం తెలుపును ఇస్తవి. ఒక్కొక్క రంగుకు తగిన వేడి వేరు. కావున శ్రేష్ఠమైన పనిలో రంగురంగుకూ వేరుగా కాల్చి, ఆకులుగా, పూవులుగా, అక్షరాలుగా కోసి, గచ్చులో పొదుగుతారు. అట్టి ముక్క ఎండకు వెలవదు. దానిని పట్టిన గచ్చులో నీరు చేరినప్పుడు మాత్రం పట్టు సడలి రాలిపోతుంది.

ఈ విద్య ఇరానునుండి దక్కనుకు బహమనీల కాలంలోనే వచ్చినది. 1458లో మరణించిన అలాఉద్దీన్ బహమనీ సమాధిపైన, 1472 నాటి మహమూద్ గవాన్ మదరసాపైన బీదరులో దాని అందం ఇంకా కొంత మిగిలి ఉన్నది. ఆ బహమనీల కొలువునుండే, హమదానునుండి వచ్చిన సుల్తాన్ కులీ గోలకొండకు అధిపతి అయినాడు.

తెలుగువారికి ఇబ్రహీం పరాయివాడు కాడు. మన కవులు పిలిచిన మల్కిభరాముడు. అన్న జంషీదుకు వెరచి విజయనగరంలో అళియ రామరాయల అండన ఏడేండ్లపాటు తలదాచుకొన్నాడు. 1565లో ఆ రామరాయలపైకే కత్తి దూసిన సుల్తానులలో తానూ ఒకడైనాడు. చరిత్రకు ఇట్టి నిష్ఠురాలు కొత్త కావు. అయినా అద్దంకి గంగాధరకవి తపతీ సంవరణోపాఖ్యానమును అంకితమిచ్చినది ఇతనికే. ఇతని అధికారి అమీన్‌ఖానుకు పొన్నికంటి తెలగన్న అచ్చతెలుగులో రచించిన యయాతి చరిత్రమును అంకితం చేసినాడు.

శకలాలను చూస్తూ ఒక విద్యార్థి, “సార్, రాలినచోట కొత్త పలకలు అతికించరాదా?” అని అడిగినాడు. ప్రశ్న తేలికది కాదు. ఢిల్లీలో హుమాయూన్ సమాధిపైని ఛత్రులకు కొత్త పలకలు కాల్చి అమర్చినారు. దానివల్ల మరుగునపడిన విద్య తిరిగి చేతికి వచ్చినది. హైదరాబాదు బాద్‌షాహీ ఆషుర్‌ఖానాలో కథ వేరు. 1611 ప్రాంతపు పలకలలో కొన్ని 1908 మూసీ వరదలో దెబ్బతినగా, ఆ చోటును రంగులు పూసి పూరించినారు. కన్ను ఒక్కక్షణం మోసపోతుంది, తరువాత నొచ్చుకొంటుంది.

నాకు తోచిన సమాధానం చెప్పినాను. తాటాకు ప్రతిలో పురుగు తిన్న పద్యపాదం ఎదురైతే పరిష్కర్త ఏమి చేస్తాడు? మరొక ప్రతి దొరికితే దానినిబట్టి పూరిస్తాడు. దొరకనప్పుడు చుక్కలు పెట్టి వదులుతాడు. తాను మంచి కవియే అయినా, తన పాదాన్ని ప్రాచీనుని పేర చలామణి చేయడు. రాలిన పలకల రూపానికి గట్టి ఆధారం ఉన్నచోట కొత్తది చేయవచ్చును, అది కొత్తదని తెలిసేటట్లుగా. ఆధారం లేనిచోట గచ్చును గచ్చుగానే ఉంచడం మర్యాద. 2013లో ఆరంభమై 2024 వరకు సాగిన ఆగాఖాన్ సాంస్కృతిక సంస్థ, పురావస్తు శాఖల మరమ్మతులో, వెనుకటివారు పూసిన సిమెంటును తొలగించి సున్నపు గచ్చును తిరిగి వేసినారు. పలకకు ప్రాణం గచ్చేనని చెప్పినాను గదా. అసలు రక్షణ అక్కడ మొదలవుతుంది.

ఆ విద్యార్థి తృప్తిపడలేదు. “అవి కూడా రాలిపోతే?” అన్నాడు. అందుకు నావద్ద సమాధానం లేదు. అంతకుముందు గోడవైపు చేయి చాచినవాడు, ఆ మాట అని తన చేతిని తానే వెనుకకు తీసుకొన్నాడు. వెళ్లే పాఠకులు ఆ దక్షిణపు గోడ వద్ద కొంతసేపు నిలువవలెను. కంటితో మాత్రమే చూడవలెను.