పాకలో ఉన్న మనసు మేడలో ఎందుకుండదు?

డబ్బు మనిషిని మారుస్తుందా? ప్రియ పాఠకులారా, ఈ ప్రశ్నకు జవాబును తన సొంత సంఘస్థుల మధ్యే అర్ధ శతాబ్దం పాటు కళ్లారా చూచినవారు ఒకరున్నారు. ఆయన మెథడిస్టు ఉద్యమానికి మూలపురుషుడైన జాన్ వెస్లీ గారు (1703–1791).

ఇంగ్లాండులో ఆయన బోధ విన్నవారిలో చాలామంది బొగ్గుగని కూలీలు, నేతపనివారు, ఇళ్లలో పనిచేసే స్త్రీలు. వారు మారుమనస్సు పొంది తాగుడు మానారు, ఒళ్లు వంచి పనిచేశారు, దుబారా తగ్గించారు. అలాంటి ఇంట డబ్బు నిలవక ఎక్కడికి పోతుంది? కొన్నేళ్లకు ఎందరో కలిగినవారయ్యారు. కలిమితోపాటే గర్వం, సుఖాపేక్ష పెరిగాయి. భక్తి వల్ల కష్టపడే గుణం, పొదుపు వస్తాయి. వాటివల్ల ధనం వస్తుంది. ధనం పెరిగినకొద్దీ భక్తి సన్నగిల్లుతుంది. 1786లో ఆయన వ్రాసిన ఒక వ్యాసంలోని దిగులు ఇదే.

చిత్రమేమంటే, వారెవరూ పెద్ద పాపంలో పడలేదు. ‘అవసరం’ అనే మాటకు అర్థం మారిందంతే. నిన్నటి ముచ్చట నేటి అవసరమైంది.

ఈ మెట్టు దగ్గర వెస్లీ గారు తన విషయంలో గట్టిగా నిలబడ్డారు. ఆక్స్‌ఫర్డులో ఉన్న రోజుల్లో చలికాలాన ఒక పేద పిల్ల పలుచని బట్టలతో ఆయన గదికి వచ్చింది. జేబులో చెయ్యి పెడితే డబ్బు దాదాపు లేదు. గోడలకు పటాలు కొన్నారు గదా! ఆ పటాలు ఆయనను జీవితాంతం బాధించాయి. ఏడాదికి 30 పౌండ్లు వచ్చినప్పుడు 28తో గడిపి 2 బీదలకిచ్చారు. రాబడి 60, 90, 120 అయినా ఖర్చు మాత్రం ఆ 28 పౌండ్లే. మనలో జీతం పెరిగిన నెలలోనే వాయిదాల మీద కొత్త వస్తువు ఇంట్లో దిగదూ!

బీదతనమే గొప్పదని ఆయన అనలేదు. అప్పు తీర్చలేక 1705లో తండ్రి జైలుపాలైన కుటుంబం ఆయనది. న్యాయంగా సంపాదించమనే బోధించారు.

డబ్బుకంటె దూరం ఎక్కువ చేటని నాకనిపిస్తుంది. కలిగినవారికి బీదలపై జాలి లేకపోవడానికి ముఖ్య కారణం వారి గడప తొక్కకపోవడమేనని వెస్లీ గారు బోధించారు. సహాయం పంపి ఊరుకోవద్దు, మీరే వెళ్లండి అన్నారు.

మన పల్లెల సంగతే చూడండి. మిషను హాస్టలులో చదివి ఉద్యోగస్థులైనవారి పిల్లలు నేడు హైదరాబాదులో, అమెరికాలో ఉన్నారు. క్రిస్మసుకు కారులో వస్తారు. మందిరానికి ఫ్యానులిచ్చి రెక్కల మీద పేరు వ్రాయిస్తారు. మంచిదే, చల్లగాలి ఎవరికి చేదు? కాని వీధి చివర మేనత్త ఇంట్లో కూర్చొని గ్లాసెడు మంచినీళ్లు తాగరు. గుమ్మంలోనే నోటు చేతిలో పెట్టి వెళ్లిపోతారు. ఆమెకు చూపు ఆనడం లేదని, తమను గొంతుబట్టి గుర్తుపట్టిందని వారికెలా తెలుస్తుంది?

1785 జనవరిలో, 81 యేండ్ల వయస్సులో, వెస్లీ గారు లండను వీధుల్లో చీలమండలు మునిగే మంచునీళ్లలో ఐదు రోజులు ఇంటింటికీ తిరిగి, బీదల బట్టల కోసం 200 పౌండ్లు అడిగి తెచ్చారు. తన శవాన్ని బండిలో తీసుకుపోవద్దని, ఆరుగురు బీదలు మోయాలని, వారికి 6 పౌండ్లు పంచాలని వీలునామాలో వ్రాశారు.