గబ్బిలమే ఎందుకు? పిల్లలకు ప్రతీకలు, పదచిత్రాలు ఎలా చెప్పాలి

ఈ ఎపిసోడ్ ఒక తెలుగు టీచరు గారు అడిగిన ప్రశ్న మీద. ఆవిడ హైస్కూల్లో చెప్తారు. "జాషువా గారి గబ్బిలం దేనికి ప్రతీక అని అడిగితే మా పిల్లలందరూ ఒకే వాక్యం రాస్తారు బాబూ. అది గైడులో ఉన్న వాక్యం. ఆ తర్వాత ఇంకొక్క మాట అడిగితే క్లాసంతా సైలెంట్. ఎలా చెప్పాలి?" అన్నారు.

నేను బీటెక్ చదివి, కొన్నేళ్లు కోడ్ రాసి ఇటొచ్చినవాణ్ని. తెలుగు పండితుణ్ని కాదు. కాకపోతే ఆదివారాలు మా అపార్ట్‌మెంట్‌లో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల్ని ఏడెనిమిది మందిని కూర్చోబెట్టుకుని పద్యాలు, కథలు చదువుతుంటాను. అక్కడ పనిచేసిన పద్ధతే మీకు చెప్తాను.

గైడు ప్రతీకని ఒక పట్టికలా చూస్తుంది. ఎడమవైపు కమలం, కుడివైపు స్వచ్ఛత. ఎడమవైపు దీపం, కుడివైపు జ్ఞానం. మా సాఫ్ట్‌వేర్ భాషలో దీన్ని లుకప్ టేబుల్ అంటాం. ఇటు ఒక మాట వేస్తే అటు ఇంకో మాట వస్తుంది, మధ్యలో ఆలోచనతో పని లేదు. మరి కుడివైపు మాటే కావాల్సినదైతే, కవి అదే నేరుగా చెప్పేసి ఊరుకోవచ్చు కదా? అంత పద్యం ఎందుకు రాశాడు?

కంప్యూటర్‌లో సేవ్ బటన్ మీద ఫ్లాపీ డిస్క్ బొమ్మ ఉంటుంది చూడండి. మా పిల్లలెవరూ ఫ్లాపీని కళ్లతో చూడలేదు. అయినా ఆ బొమ్మ నొక్కితే సేవ్ అవుతుందని అందరికీ తెలుసు. అది గుర్తు. పదిమంది కలిసి ఒప్పుకున్న అర్థం. రేపు దాని బదులు కొబ్బరికాయ బొమ్మ పెట్టి, ఇదే సేవ్ అని అందరం ఒప్పుకుంటే పోయేదేమీ లేదు. సాహిత్యంలో ప్రతీక అలా కాదండీ. అక్కడ వస్తువు మారిస్తే మొత్తం కూలిపోతుంది. అందుకే నేను పిల్లల్ని "దేనికి ప్రతీక?" అని అడగను. "ఇదే ఎందుకు?" అని అడుగుతాను. ఎపిసోడ్ మొత్తం ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

అయితే ప్రతీక దగ్గరికి వెళ్లేముందు పదచిత్రం రావాలి. ఈ వరస తప్పితే పిల్లలు గాల్లో మాట్లాడతారు. పదచిత్రం అంటే మాటలతో కంటికి, చెవికి, ముక్కుకి, నాలుకకి, చర్మానికి ఏదో ఒకటి తగిలించడం. చిత్రం అన్న మాట ఉంది కాబట్టి పిల్లలు కంటితో ఆగిపోతారు. వాసనా పదచిత్రమే, చప్పుడూ పదచిత్రమే అని గట్టిగా చెప్పాలి.

నేను ఇచ్చే ఎక్సర్‌సైజు ఇది. "ఇంట్లో డబ్బుల్లేవు" అన్న సంగతి చెప్పాలి, కానీ డబ్బు, పేద, అప్పు, కష్టం, ఈ నాలుగు మాటలూ వాడకూడదు. ఒక పిల్లాడు ఏం రాశాడంటే, "అమ్మ నూనె డబ్బా మూకుడులో బోర్లించి పెట్టింది" అని. అంతే! చుక్క చుక్క కారే నూనె కోసం డబ్బా బోర్లించడం ఆ ఇంటి లెక్క మొత్తం చెప్పేసింది. ఇది పదచిత్రం.

ఇక్కడి నుంచి ప్రతీకకి ఒక్క అడుగే. ఆ పిల్లాడి వాక్యాన్ని కథగా పెంచుదాం అన్నాను. చివర్లో కూతురికి ఉద్యోగం వచ్చింది, ఇంట్లో నూనె ప్యాకెట్లు వరసగా ఉన్నాయి. అయినా అమ్మ ఖాళీ డబ్బాని బోర్లిస్తూనే ఉంది. ఇప్పుడా డబ్బా పేదరికం గురించి చెప్తోందా? కాదు. పేదరికం పోయినా వదలని భయం గురించి చెప్తోంది. ఆ అమ్మ కూతురికి కూడా చెప్పుకోని భయం అది. వస్తువు అదే, చోటు మారింది, అర్థం పెరిగింది. కథలో ఒక వస్తువు తిరిగొచ్చి, ప్రతిసారీ ఇంకొంచెం బరువు మోస్తే అప్పుడు ప్రతీక అవుతుంది. ఏ పట్టికలోనూ నూనె డబ్బా ఉండదు కదా!

ఇప్పుడు పిల్లలందరికీ తెలిసిన కథ, పోతన గారి గజేంద్రమోక్షం. భాగవతం ఎనిమిదో స్కంధం. ఏనుగు జీవుడు, మడుగు సంసారం, మొసలి బంధం అని పెద్దలు చెప్పే అన్వయం చాలామంది ఇళ్లల్లో వినే ఉంటారు. తప్పేం లేదు. కానీ మా వాళ్లని "మొసలి తీసేసి సింహం పెడదామా?" అని అడిగాను. ఒక్కసారిగా అందరూ మాట్లాడారు. "సింహమైతే ముందే కనిపిస్తుంది అన్నా." "ఏనుగు తొక్కేస్తుంది." "ఒడ్డు మీదైతే ఏనుగే గెలుస్తుంది." కరెక్ట్! మొసలి నీళ్ల కింద ఉంటుంది, కనపడదు, పట్టుకునేది కాలు. ఏనుగు ఆ మడుగులోకి భయంతో రాలేదు. ఆడుకోవడానికి, సంతోషంగా వచ్చింది. సరదాగా దిగిన చోటే, కనపడనిదేదో కాలు పట్టుకుంది. ఒడ్డు మీద పనికొచ్చిన బలం అక్కడ పనికిరాలేదు. బంధం అంటే ఏంటో ఇప్పుడు పిల్లాడికి విడిగా చెప్పక్కర్లేదు, మొసలే చెప్పేసింది.

సరే, గబ్బిలం దగ్గరికి వద్దాం. గుర్రం జాషువా గారు 1895లో వినుకొండలో పుట్టారు. గబ్బిలం కావ్యం 1941లో వచ్చింది. దీన్ని చెప్పేముందు కాళిదాసు మేఘసందేశం గురించి రెండు నిమిషాలు చెప్పి తీరాలి. ఒక యక్షుడికి ఏడాది పాటు ఊరొదిలి ఉండమని శాపం. అలకాపురిలో ఉన్న భార్యకి మేఘం ద్వారా కబురు పంపుతాడు. జాషువా ఆ చట్రం తీసుకుని లోపల అన్నీ మార్చేశారు. పంపేవాడు యక్షుడు కాదు, ఊరు అంటరానివాడని పక్కనపెట్టిన పేదవాడు. కబురు ప్రేయసికి కాదు, శివుడికి. మోసుకెళ్లేది మేఘం కాదు, గబ్బిలం.

మళ్లీ అదే ప్రశ్న. మేఘాన్నే పంపొచ్చుగా? మేఘం గోపురం మీదుగా పోతుంది తప్ప గుడి లోపలికి రాలేదు. పోనీ హంస? హంస నలదమయంతుల కబుర్లు మోసిన రాజుల పక్షి. ఈయన గుడిసెకి ఎందుకొస్తుంది? చిలక? చిలక్కి ఎక్కడైనా మర్యాదే.

అప్పుడు బోర్డు మీద రెండు వరసలు రాయించాను. మొదటిది, గబ్బిలం గురించి మీకేం తెలుసు? తలకిందులుగా వేలాడుతుంది. రాత్రి తిరుగుతుంది. ఇంట్లో దూరితే అరిష్టం అని కర్ర పుచ్చుకుని తరుముతారు. పాత గుళ్లలో చీకటి మూలల్లో ఉంటుంది. రెండోది, ఆ మనిషి గురించి ఏం తెలుసు? ఎదురొస్తే అశుభం అన్నారు. ఇళ్ల దగ్గరికి రానివ్వలేదు. గుళ్లోకి రానివ్వలేదు. పిల్లలు రెండు వరసల మధ్య గీతలు కలుపుకుంటూ పోయారు. అరిష్టానికి అశుభం, తరమడానికి రానివ్వకపోవడం. ఆఖరి గీత మాత్రం కలవలేదు. గబ్బిలం గుళ్లో ఉంది, మనిషి లేడు.

ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి నెమ్మదిగా అడిగింది: "అంటే గబ్బిలానికున్న పర్మిషన్ మనిషికి లేదా అన్నా?"

కావ్యం అక్కడుందండీ. గైడులో "గబ్బిలం దళితుడికి ప్రతీక" అని ఉంటుంది. అది సగమే నిజం, మిగతా సగాన్ని తుడిచేస్తుంది. గబ్బిలమే దళితుడైతే మరి గుడి బయట నిలబడ్డవాడెవడు? రెండూ ఒకేలా ఛీ అనిపించుకున్నవి, కానీ ఒకటి లోపలికి పోగలదు. పోలిక ఎక్కడిదాకా వస్తుందో చూడటం ఎంత ముఖ్యమో, ఎక్కడ తెగుతుందో చూడటం అంతకన్నా ముఖ్యం. జాషువా గారి కోపం ఆ తెగిన చోటే ఉంది.

తర్వాత బొమ్మ గీయమన్నాను. గబ్బిలం గుళ్లో వేలాడుతుంటే శివుడి చెవికి దగ్గరగా ఉంటుంది కదా, పూజారి లేనప్పుడు నా బతుకు గురించి చెప్పు అని ఆ మనిషి వేడుకునే చోటు ఒకటుంది. దాన్నే గీయమన్నాను. అందరూ లింగాన్ని, గబ్బిలాన్ని గీశారు. ఒక్క పిల్లాడు కాగితం చివర ప్రహరీ గోడ గీసి, దానికి బయట ఒక మనిషిని పెట్టాడు. పద్యం వాడికి ఎంత అర్థమైందో తెలుసుకోవడానికి నాకు ఇంకో పరీక్ష అక్కర్లేదు.

కాలం కూడా చెప్పాలి, లేకపోతే ఈ తరం పిల్లలకి ఇదంతా కల్పనలా ఉంటుంది. తిరువాంకూరులో ఆలయ ప్రవేశ ప్రకటన 1936లో వచ్చింది. మధుర మీనాక్షి గుళ్లోకి దళితులు అడుగుపెట్టింది 1939లో. వినుకొండ అప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉండేది, ఆ రాష్ట్రమంతటికీ ఆలయ ప్రవేశ చట్టం 1947లో వచ్చింది. అంటరానితనాన్ని నిషేధించే 17వ అధికరణం 1950 నుంచి అమల్లోకి వచ్చింది. కావ్యం వచ్చిన 1941ని వీటి మధ్యలో పెట్టి చూడండి.

టీచర్లకి ఒక మాట. మీ క్లాసులో తాతలు ఆ గోడ బయట నిలబడ్డ పిల్లలు ఉండొచ్చు. దయచేసి వాళ్లని లేపి "నీ అనుభవం చెప్పమ్మా" అనకండి. వాళ్లు సాక్షులుగా రాలేదు, పాఠం వినడానికి వచ్చారు.

ఇక తప్పు జవాబుల సంగతి. "గబ్బిలం అంటే కరోనా" అని ఒకడన్నాడు, ఇంకొకడు బ్యాట్‌మ్యాన్ అన్నాడు. నవ్వి తీసేయకండి. "1941లో చదివినవాళ్లకి అలా తడుతుందా?" అని అడగండి, వాళ్లే వెనక్కి తీసుకుంటారు. చురుకైన కుర్రాడొకడు గబ్బిలం చప్పుడు ప్రతిధ్వనితో దారి వెతుక్కుంటుందని సైన్స్ చెప్పాడు. బాగుంది, పద్యంలో ఆధారం చూపించు అన్నాను. వెతికాడు, దొరకలేదు, పక్కన పెట్టాం. ప్రతీకకి ఒక్క జవాబే ఉండదు, నిజమే. అలాగని ఏ జవాబైనా చెల్లదు. రచనలో వేలు పెట్టి చూపించగలగాలి. ఇంకోటి, ప్రతి వస్తువూ ప్రతీక కాదు. కథలో హీరో ఆటో ఎక్కితే చాలాసార్లు అది ఆటోనే.

ఇదేదో ఇంగ్లీషు చదువుల నుంచి వచ్చిన పద్ధతి అనుకునేవాళ్లకి ఒక చిన్న సంగతి. మన అలంకారశాస్త్రంలో పాత ఉదాహరణ ఒకటుంది: గంగలో గొల్లపల్లె. నదిలో పల్లె ఉండదు, కాబట్టి గంగ ఒడ్డున అని అర్థం చేసుకుంటాం. మరి ఒడ్డున అనే చెప్పొచ్చుగా, గంగలో అనడం ఎందుకు? ఆ చల్లదనం, ఆ పవిత్రత పల్లెకి కూడా తగలాలని. దాన్ని వ్యంజన అన్నారు. తొమ్మిదో శతాబ్దంలో కాశ్మీరంలో ఆనందవర్ధనుడు దీనిమీదే ధ్వని సిద్ధాంతం కట్టాడు. ఆయన అడిగిందీ "ఇలాగే ఎందుకు?" అనే కదా.

చివరికి మార్కులు. టీచరు గారి అసలు భయం అదే: గైడు వాక్యం మానేస్తే మార్కులు పోతాయేమో అని. మానొద్దండీ. మొదటి వాక్యంగా అదే రాయించండి, దిద్దేవాళ్లు వెతికేది వాళ్లకి దొరుకుతుంది. దాని కింద మూడు వాక్యాలు పిల్లల సొంతం: పద్యంలో ఏ వివరం చూసి అలా అంటున్నావు, పోలిక ఎక్కడ తెగింది, దీని బదులు ఇంకోటి పెడితే ఏం పోతుంది. ఈ మూడూ బట్టీ పట్టడం కుదరదు.

వచ్చే ఎపిసోడ్‌లో ధ్వని గురించి విడిగా మాట్లాడుకుందాం. ఈలోపు మీ పిల్లలకి నూనె డబ్బా ఎక్సర్‌సైజు ఇచ్చి చూడండి. డబ్బుల బదులు "నాన్నకి కోపం వచ్చింది" ఇవ్వండి, కోపం, అరుపు, ముఖం అన్న మాటలు లేకుండా. మా వాళ్లలో ఒకమ్మాయి "కంచంలో నీళ్లు పోసి లేచిపోయారు" అని రాసింది. ఉంటానండి.